రేకును తినెడి విద్యుత్తు

పాత కారును పదికాలముల పాటు నిలుపుకొనదలచిన వారికి కొన్నాళ్లకు ఒక సత్యము బోధపడును: ఇంజనునకు మరణము లేదు, దేహమునకే కలదు. పిస్టను రింగులు అరిగినచో క్రొత్తవి వేయవచ్చును. క్లచ్చు చెడినచో, గేరుపెట్టె మొరాయించినచో, విజయవాడ ఆటోనగరులోనో, గాజువాక చెంతనున్న విశాఖపట్టణపు ఆటోనగరులోనో వెదకినవారికి దానికి తగిన భాగము దొరకక మానదు. కాని వెనుక చక్రముపై కమానుగా వంగిన రేకు అంచున రంగు క్రింద చిన్న పొక్కు లేచి, ఒక వర్షకాలము గడచునప్పటికి అది చిట్లి, ఎఱ్ఱని పొడి రాలుట మొదలైనచో, ఆ బండి ఆయువును యంత్రమును బట్టి కాక రేకును బట్టి లెక్కింపవలసి వచ్చును.

దీనికి కారణము ఆ బండ్ల నిర్మాణములోనే యున్నది. 1950 దశకాంతము మొదలు 2014 వఱకు కలకత్తా సమీపమున ఉత్తరపారలో తయారైన అంబాసిడరు గాని, 1983 డిసెంబరు మొదలు 2014 ఆరంభము వఱకు వెలువడిన మారుతి 800 గాని, లారీలకుండునట్టి వేఱు చట్రముపై దింపిన పెట్టెలు కావు. రేకులను మడచి, ఒకదానితో నొకటి అతికి, చట్రమునకును దేహమునకును భేదము లేకుండ వానిని కట్టినారు. కావున దేహమున రేకు పోవుట అందము పోవుట మాత్రమే కాదు. సీటు బెల్టు బిగించిన చోటు, స్ప్రింగుల భారము మోయు చోటు, జాకీ ఆనించు చోటు — ఇవన్నియు ఆ రేకులోని భాగములే.

తక్కువ ఖర్చుతో తుప్పు బాగుచేయుట యనగా తక్కువ ఖర్చుతో దానిని కప్పివేయుట యని మనలో పెక్కుమంది భావింతురు. లప్పము పెట్టి, రుద్ది, రంగు కొట్టిన బండి పండుగనాటికి క్రొత్తదివలె మెఱయును. మఱుసటి శ్రావణమునకు అదే చోట అదే పొక్కు మఱల లేచును. ఇది మేస్త్రీ అదృష్టము వలననో, రంగు నాణ్యత వలననో కలిగిన దోషము కాదు. తుప్పు నడక తెలియని చికిత్స ఏదైనను ఇట్లే పరిణమించును. అది తెలిసినవానికి మాత్రము ఎచట డబ్బు వెచ్చింపవలెనో, ఎచట చేయి బిగపట్టవచ్చునో దానియంతట అదియే స్పష్టమగును.

ఇనుము తుప్పు పట్టుటకు నీరును, ప్రాణవాయువని మనము పిలుచు ఆమ్లజనియు రెండును కావలెనని పాఠశాలలో చదివిన వారందఱు ఎఱుగుదురు. నూనెలో మునిగిన మేకునకు తుప్పు లేదు. కాచి చల్లార్చి గాలి చొరకుండ బిరడా బిగించిన నీటిలోని మేకునకును లేదు. కాని ఈ రెండును కలిసి ఇనుమును ఏ రీతిగా తినును, ఎచట హెచ్చుగా తినును అను ప్రశ్నకు ఆ పాఠము చాలదు. బండి మరమ్మతునకు కావలసినది ఈ రెండవ ప్రశ్నకు సమాధానమే.

తుప్పు పట్టుట మూలమున ఒక విద్యుద్వ్యాపారము. తడిసిన రేకుపై ఒకానొక చోట ఇనుప పరమాణువు తన ఎలక్ట్రానులను రెంటిని విడిచి, తాను అయానుగా మాఱి నీటిలోనికి దిగిపోవును. ఆ ఎలక్ట్రానులు లోహము గుండ ప్రయాణము చేసి మఱియొక చోటికి చేరి, అచట నీటిలో కరగియున్న ఆమ్లజనిని హైడ్రాక్సైడు అయానులుగా మార్చును. ఇనుము కరగు చోటు ఆనోడు; ఆమ్లజని ఎలక్ట్రానులను గైకొను చోటు కాథోడు. లోహము గుండ ఎలక్ట్రానులును, నీటి గుండ అయానులును నడచి వలయము పూర్తియగును; ఈ రెండు తావుల నుండి వచ్చిన పదార్థములు నడుమ కలిసికొని, మఱికొంత ఆమ్లజనిని గ్రహించి, మనము చూచు ఎఱ్ఱని పొడిగా ఏర్పడును. అనగా తుప్పు కనబడు చోటును, ఇనుము పోవు చోటును ఎల్లప్పుడును ఒక్కటే కావలెనను నియమము లేదు.

ఈ విషయమును కన్నులకు కట్టునట్లు చూపినవాడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున లోహక్షయమును జీవితకాలము పరిశోధించిన యు. ఆర్. ఎవాన్సు. 1920 దశకమున ఆయన చేసిన ప్రయోగము అతి సులభమైనది. శుభ్రపఱచిన ఉక్కు రేకుపై ఒక ఉప్పునీటి బొట్టును ఉంచెను. ఇనుము కరగు చోట నీలవర్ణమును, హైడ్రాక్సైడు పుట్టు చోట గులాబివర్ణమును చూపు ద్రవ్యములను ఆ నీటిలో ముందుగనే కలిపియుంచెను. గాలి అన్ని ప్రక్కల నుండి సోకుచుండు బొట్టు అంచే ముందుగా క్షయించునని సామాన్యముగా మన మూహింతుము. జరిగినది అందుకు విపర్యయము. గాలి ధారాళముగా అందు అంచు గులాబిరంగు దాల్చి క్షేమముగా నిలిచెను. గాలి అందని నడిబొడ్డు నీలవర్ణమై గుంటపడుట కారంభించెను. ఈ రెండింటికి నడుమ గోధుమవన్నె తుప్పు వలయముగా పేరుకొనెను. ఆమ్లజని హెచ్చుగా నుండు తావు కాథోడై తన్ను తాను కాపాడుకొనును. తక్కువగా నుండు తావు ఆనోడై ఆహుతి యగును. ఆమ్లజని లేనిదే తుప్పు లేదనుట యెంత నిజమో, ఆమ్లజని తక్కువైన చోటనే ఇనుము హెచ్చుగా నశించుననుటయు అంత నిజము.

కారు దేహమున తుప్పు చరిత్ర యంతయు ఈ యొక్క బొట్టులో నిమిడియున్నది. రేకు నడిమిభాగము వానలో తడిసినను, గాలికి ఆఱి, సంవత్సరములు నిలుచును. రెండు రేకులు ఒకదానిపై నొకటి ఎక్కి అతుకుపడిన సందు, చక్రము చిమ్మిన బురద గడ్డకట్టిన మూల, అద్దము చుట్టునున్న రబ్బరు బీడింగు అడుగు, చిల్లు పూడిన తలుపు గర్భము — ఇవియే ముందుగా పోవును. ఏలయన, అచట నీరు నిలుచును, గాలి చొరదు. పైరంగున చిన్న గీత పడినపుడును ఇదియే జరుగును: గీత నోట గాలి తగిలెడి లోహము కాథోడగును, తడి రంగు క్రిందికి ప్రాకిన మేరకు, గాలి యందని లోపలి అంచు ఆనోడగును, కావున తుప్పు గీతలోనే ఆగక, రంగు పొర క్రింద చాపక్రింద నీరువలె వ్యాపించును. పైకి కనబడు పొక్కు చిటికెనవ్రేలి గోరంత యున్నను, రంగు గీకి చూచినపుడు రూపాయి బిళ్లకు మించిన మచ్చ బయటపడుటకు హేతు వీ చలనమే.

కోస్తా వాసులకు ఇంకొక కష్టము కలదు. గాలిలోని తేమ క్రమక్రమముగా పెరిగినకొలది తుప్పు వేగమును అదే నిష్పత్తిని పెరుగదనియు, కలుషితమైన గాలిలో సాపేక్ష ఆర్ద్రత నూటికి సుమారు 60 దాటునప్పటికి అది ఒక్కసారిగా విజృంభించుననియు డబ్ల్యు. హెచ్. జె. వెర్నను అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తన ప్రయోగములచే నిరూపించెను. సముద్రతీరమున ఈ మేర ఇంకను దిగిపోవును. అలలు విరిగినపుడు లేచు తుంపర ఎండి, సూక్ష్మమైన ఉప్పు రేణువులై గాలిలో ఎగిరివచ్చి రేకుపై వ్రాలును. సాధారణమైన ఉప్పు, గాలిలో ఆర్ద్రత సుమారు 75 పాళ్లకు చేరినపుడు తనంతట తాను నీరు త్రాగి ద్రవించును. సముద్రపు ఉప్పుతో కూడియుండు మెగ్నీషియం క్లోరైడునకు సుమారు 33 పాళ్లే చాలును. ఆ కారణమున మచిలీపట్టణములోనో, కాకినాడలోనో వీధిలో నిలిచిన బండి, వాన చినుకు పడకున్నను రాత్రులందు తడిసియే యుండును. ఆ తడి వట్టి నీరు కాదు. అయానులతో నిండిన, విద్యుత్తును సుఖముగా నడపు ఉప్పునీరు. అనంతపురపు ఎండుగాలిలో అదే వయస్సు గల బండికి లేని జబ్బు తీరపు బండికి వచ్చుటకు కారణమిది. వారమున కొకసారి మంచినీటితో బండి అడుగుభాగమును కడుగుట కంటె చౌకైన ఔషధము తీరవాసికి లేదు.

తుప్పు మఱియొక అపకారమును కూడ చేయును. ఇనుము ఆక్రమించిన చోటు కంటె దాని తుప్పు రెండు మొదలు ఆఱు రెట్ల వఱకు హెచ్చు చోటును కోరును. అల్యూమినియముపై పుట్టు ఆక్సైడు ఆ లోహమును అంటిపెట్టుకొని కవచమై నిలువగా, ఇనుముపై పుట్టునది ఉబ్బి, పగిలి, పొరలు పొరలుగా విడివడి, క్రింది లోహమును మఱల గాలికిని నీటికిని అప్పగించును. అంతటితో పోక, ఆ సచ్ఛిద్రమైన పొర తేమను, ఉప్పును పీల్చి దాచియుంచును. కావున తుప్పుపై పూసిన రంగు గాని, కుక్కిన లప్పము గాని తుప్పును చంపలేదు సరికదా, గాలి యందని గర్భమును దానికి సమకూర్చి, ఎవాన్సు బొట్టునకు నడిబొడ్డును మన చేతులారా నిర్మించినట్లగును. చెదపట్టిన ద్వారబంధమునకు వార్నీషు వేయించుట యెట్టిదో, ఇదియు నట్టిదే.

ఇక మరమ్మతు సంగతి. మొదటి పని కొనుగోలు కాదు, పరీక్ష. బండిని కడిగి, కాళ్లక్రింది తివాచీలను, వాని అడుగున నున్న అట్టలను పూర్తిగా ఎత్తివేయవలెను; తడిసిన అట్ట ఎండక నెలల తరబడి అడుగు రేకును నానబెట్టుచుండును. చూడవలసిన చోట్లు ముఖ్యముగా ఇవి: తలుపుల అడుగు అంచులు, తలుపుల దిగువనుండు గడపభాగము, నాలుగు చక్రముల కమానులు, డిక్కీలో స్టెప్నీ కూర్చుండు గుంట, ముందు అద్దము క్రింది మూలలు, బ్యాటరీ పీట. చివరిదానికి నీటితో పాటు బ్యాటరీ నుండి చెమ్మగిల్లు గంధకికామ్లము కూడ శత్రువే. మొద్దు స్క్రూడ్రైవరు పిడితో రేకును మెల్లగా తట్టుచు పోయినచో, గట్టి రేకు ఖంగుమనును. తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకును. అనుమానమైన చోట మొనతో నొక్కి చూచినచో దాగుడుమూతలు ముగియును. వెనుకటి యజమాని ఎచటెచట లప్పము పూయించెనో తెలిసికొనుటకు చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి రేకుపై నడపిన చాలును. అది పట్టు విడిచిన చోట రేకు లేదు, లప్పమే యున్నది.

ఈ పరీక్ష వలన తుప్పు మూడు తరగతులుగా విడిపోవును. రంగు చెడి, పైపైన ఎఱ్ఱబారినది మొదటిది. లోహము గుంటలు గుంటలుగా తినబడి, ఇంకను చిల్లు పడనిది రెండవది. మొన నొక్కగానే లోనికి దిగునది మూడవది. ఈ కార్ల దేహపు రేకు మందము మిల్లీమీటరునకు లోబడినదే యని జ్ఞప్తియందుంచుకొన్నచో, మొదటి తరగతి నుండి మూడవ తరగతికి దూర మెంత తక్కువయో తెలియును. మొదటి తరగతిని యజమాని తన చేతులతో తానే బాగుచేసికొనవచ్చును. రెండవదానిని ఓపికతో సాధింపవచ్చును. మూడవదానికి టింకరింగు మేస్త్రీ కావలెను. పొదుపంతయు మొదటి తరగతి మూడవది కాకముందే చేయిపెట్టుటలో నున్నది.

పైపై తుప్పునకు కావలసినది తీగబ్రష్షు, 80 మొదలు 320 వఱకు నంబర్లుగల గరుకు కాగితములు, నూనె మరకలు తీయు తిన్నరు, కొంచెము శారీరక శ్రమ. రుద్దుటకు ముందే తిన్నరు గుడ్డతో గ్రీజును, మైనపు పాలిషును తుడిచివేయవలెను; లేనిచో కాగితము ఆ జిడ్డును లోహపు గీతలలోనికి రుద్దిపెట్టును. మచ్చ కనబడిన మేర మాత్రమే రుద్ది ఊరకుండరాదు. రంగు క్రింద ప్రాకిన అంచు అంతమై, రంగు లోహమును గట్టిగా పట్టియున్న చోటు వచ్చువఱకు, అటుపైన ఇంకొక అంగుళము మేర, తెల్లని లోహము బయటపడవలెను. గ్రైండరు చక్రముతో ఈ పని క్షణములో ముగియును గాని, పలుచని రేకు వేడెక్కి వంగుటయు, మిగిలిన కొంచెపు మందమును మనమే తఱుగబెట్టుటయు జరుగును. పాత రంగు అంచును మెట్టు తగులకుండ సన్నని కాగితముతో జార్చవలెను. క్రొత్త రంగు క్రింద ఆ మెట్టు తరువాత గీతగా కనబడుటయే కాక, పగులునకు తావిచ్చును.

గుంటలు పడిన రేకున ఎంత రుద్దినను గుంటల అడుగున నల్లని తుప్పు మిగులును. దానిని తొలగించుటకు రేకును అరగదీసినచో చిల్లు పడును; విడిచిపెట్టినచో అది మఱల మొలచును. ఇచట రసాయనశాస్త్రము సహాయమునకు వచ్చును. అంగళ్లలో తుప్పు మార్చు మందని అమ్ము ద్రవములలో ఫాస్ఫారిక్ ఆమ్లమో, టానిక్ ఆమ్లమో, రెండునో ఉండును. మొదటిది తుప్పుతో కలిసి ఇనుప ఫాస్ఫేటుగా మాఱి, నీట కరగని, లోహము నంటుకొను పొరయై నిలుచును. ఢిల్లీలో కుతుబ్ మీనారు చెంత గుప్తుల కాలము నుండి నిలిచియున్న ఇనుప స్తంభము తుప్పునకు లొంగకుండుటలో గల రహస్యమును కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యము పరిశోధించి, ఆ ఇనుములో హెచ్చుగా నున్న భాస్వరము కాలక్రమమున ఫాస్ఫేటు పొరను నిర్మించి లోహమును కాపాడుచున్నదని తేల్చెను. ఢిల్లీ ఎండుగాలియు ఆ స్తంభమునకు కొంత తోడ్పడినది. ఆ స్తంభపు మందము మన రేకునకు లేదు. అయినను పదునాఱు శతాబ్దములుగా అచట నెమ్మదిగా జరిగిన రక్షణక్రియకు దగ్గఱి చుట్టమైనదానిని ఈ సీసాలోని ఆమ్లము ఒక పూటలో జరిపించును.

రెండవదియైన టానిక్ ఆమ్లము తుప్పును నీలిచాయ గల నల్లని ఇనుప టానేటుగా మార్చును. ఇది మన పూర్వులకు క్రొత్త గాదు. కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి వ్రాతకు సిరా చేసికొన్నప్పుడు వారు జరిపినది ఈ రసాయనిక చర్యయే. కాని ఈ మందుల విషయమున రెండు హెచ్చరికలు గలవు. పొడిగా రాలు తుప్పును తీగబ్రష్షుతో ముందుగా తీసివేయనిచో మందు పై పొరతోనే తృప్తిపడి, క్రింది తుప్పును తాకదు. ఆమ్లము మిగిలిపోయినచో ఆపై వేయు ఎపాక్సీ ప్రైమరు గట్టిపడుటకు అడ్డుపడును. కావున సీసాపై చెప్పిన రీతిని కడిగి, తుడిచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టినగాని తరువాతి పనికి దిగరాదు. చేతితొడుగులును, కంటి అద్దములును ఇచట ఆడంబరములు కావు.

చిల్లుపడిన రేకునకు మందు లేదు. చెడిన భాగమును గట్టి రేకు వచ్చువఱకు కోసి, అదే వంపున క్రొత్త రేకు ముక్కను కత్తిరించి అతుకవలెను. మనస్సు చివుక్కుమన్నను, చిల్లు కంటె రెండు మూడింతలు పెద్దదిగా కోయుటయే పొదుపు. తిన్న అంచున వేసిన అతుకు ఆ అంచుతోనే ఊడిపోవును. ఇరువది గేజి రేకు, అనగా మిల్లీమీటరునకు కొంచెము తక్కువ మందము గలది, సాధారణముగా సరిపోవును. గ్యాసు వెల్డింగు మంట విశాలమైనది గావున పలుచని రేకును అలలుగా వంచును, మేస్త్రీలు సి.ఓ.టు. వెల్డింగని పిలుచునది చిన్న తావున వేడిని కేంద్రీకరించును గావున దానితో దూరదూరముగా చుక్కలు వేసి, ఒకటి చల్లారిన పిదప మఱియొకటి వేయుచు పోవుట మేలు. కొందఱు ఇత్తడితో అతుకుదురు. ఇత్తడి ఇనుము కంటె లోహశ్రేణిలో ఉన్నతమైనది. తడి తగిలినపుడు అది కాథోడై తాను నిలిచి, ప్రక్కనున్న ఇనుమును ఆనోడుగా చేసి తినిపించును. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పుట, పెట్రోలు ట్యాంకు దరిదాపుల పని యైనచో దానిని దింపివేయుట, సీట్లను తివాచీలను బయట పెట్టుట ఎన్నడును మఱవరానివి.

వెల్డింగునకు డబ్బు చాలదనువారు ఫైబరు గుడ్డను రెజినుతో అతికించి చిల్లు మూయుదురు. మడ్గార్డు అంచున, భారము మోయని చోట, తుప్పును పూర్తిగా తీసి, రేకు రెండు ప్రక్కల ప్రైమరు పూసిన పిమ్మట ఇది కొన్ని సంవత్సరములు నిలువవచ్చును. గడపభాగమున, సస్పెన్షను బిగింపులకడ, సీటు బెల్టు మొదళ్లయందు, జాకీ ఆను చోట మాత్రము ఇట్టి పని చేయరాదు. అచటి రేకు ఒక ప్రమాదమున మన యెముకలకు మాఱుగా విఱుగవలసిన రేకు. అచట పొదుపు పొదుపు కాదు.

లప్పమును నిందించుట నా ఉద్దేశము కాదు. దానికి తన స్థానము కలదు. అతుకు వేసిన తరువాత మిగిలిన ఎగుడుదిగుళ్లను సమము చేయుటకు పుట్టిన ద్రవ్యమది. రెండు మూడు మిల్లీమీటర్ల మందము దాటరాదు. చిల్లును పూడ్చుటకు కాదు. అందులో పాలియెస్టరు రెజినుతో పాటు టాల్కుపొడి హెచ్చుగా నుండును. ఆ పొడి తేమను పీల్చును. మన షెడ్లలో దుమ్ము లేవకుండుటకై లప్పమును వాటరు పేపరుతో నీరు చల్లుచు రుద్దు ఆచారము కలదు. ఆ నీరు లప్పములోనికి ఇంకి, రేకు వఱకు దిగి, పైన రంగు పడగానే బందీ యగును; ఆఱు నెలలకు పొక్కులై పలుకరించును. ముక్కునకు ముసుగు కట్టుకొని పొడిగా రుద్దుటకు ఒక్క పైసా అధికముగా అక్కఱలేదు. ఇంతకంటె మేలైన పద్ధతి, బయల్పడిన లోహమునకు ముందుగా ఎపాక్సీ ప్రైమరు వేసి, దానిపై లప్పము పెట్టుట. అప్పుడు లప్పము తడిసినను తడి రేకును చేరదు.

ప్రైమరు విషయమున ఖర్చునకు వెనుకాడరాదు. ఇంటి కిటికీ ఊచలకు పూయు ఎఱ్ఱ ఆక్సైడు ప్రైమరు సచ్ఛిద్రమైనది. పైన రంగు లేక పది దినములు బయట నిలిచినచో తడి దాని గుండ దిగును. రెండు డబ్బాలుగా వచ్చి, కలిపిన పిదప గట్టిపడు ఎపాక్సీ ప్రైమరు నీటికిని అయానులకును దారి చాల తక్కువగా ఇచ్చును. అనగా మొదట చెప్పిన విద్యుద్వలయమును నీటి వైపున త్రెంచును. ఇనుమును కాపాడుటకు ఇంకొక దారియు కలదు. ఇనుము కంటె సులభముగా ఎలక్ట్రానులను విడుచు లోహమును దానికి తాకించినచో, ఆ లోహమే ఆనోడై తాను కరగుచు ఇనుమును కాథోడుగా నిలుపును. ఓడల అడుగున నున్న రాగి రేకులను ఈ ఉపాయముతో కాపాడవచ్చునని హంఫ్రీ డేవీ 1824లో చూపెను. ఇనుమునకు యశదపు, అనగా జింకు, పూత పూయు పద్ధతికి 1837లో ఫ్రాన్సున సోరెల్ పేటెంటు పొందెను. జింకు పొడి దండిగా గల ప్రైమరు ఈ సూత్రముపైననే పనిచేయును. అయితే జింకు రేణువులు ఒకదానితో నొకటియు, ఇనుముతోను తాకియుండవలెను గావున, దానిని తెల్లని లోహముపైననే పూయవలెను. పాత రంగుపై పూసిన జింకు ప్రైమరునకు బూడిదరంగు తప్ప వేఱు గుణము లేదు.

పైరంగు దగ్గఱకు వచ్చునప్పటికి పొదుపరికి సంతోషము కలిగించు మాట ఒకటి చెప్పవచ్చును: ఇచట తగ్గింపవచ్చును. 1920 దశకమున అమెరికాలో డ్యూపాంటు వారు ప్రవేశపెట్టిన డ్యూకో పేరు నేటికిని మన షెడ్లలో రంగు పనికంతటికి పర్యాయపదమై నిలిచినది. ఆ జాతికి చెందిన నైట్రోసెల్యులోజు రంగులు త్వరగా ఆఱును, తక్కువ ఖర్చున వచ్చును, కాలక్రమమున మెఱుపు తఱుగును. గట్టిపఱచు ద్రవము కలిపి వేయు నేటి రంగులు చిరకాలము నిలుచునుగాని, ఆ ద్రవమున నుండు ఐసోసయనేటులు ఊపిరితిత్తులకు హానికరములు. తగిన ముసుగు లేనివాడు వానిని స్ప్రే చేయరాదు. ఏ రంగైనను వానకాలమున వేయించుట తప్పు. తిన్నరు ఆవిరియగునపుడు రేకుపై వేడిమిని హరించును. చల్లబడిన ఆ తలముపై గాలిలోని తేమ మంచుగా దిగి, రంగును తెల్లగా మసకబార్చును. మాఘ ఫాల్గుణములలో, ఎండ చక్కగా ఎక్కిన పిమ్మట చేసిన పని ఈ బాధకు లోబడదు.

రంగు ఆఱిన దినముతో పని ముగిసినదని తలంచుట పొరపాటు. తలుపు గర్భమునను, గడపభాగము లోపలను వెలుపలి రంగు ఏమాత్రమును చేరదు. తుప్పు పుట్టినది మొదట అచటనే. ఆ బోలు భాగములలోనికి సన్నని గొట్టముతో మైనపు ద్రవమును చల్లింపవలెను; అది అతుకుల సందులలోనికి ప్రాకి నీటిని తొలగించును. వాడిన ఇంజను నూనెను చల్లుట చౌకైన పద్ధతియే గాని, రబ్బరును చెఱచును, వీధిని మలినపఱచును. అడుగుభాగమునకు పూయు నల్లని తారు పూత శుభ్రమైన రేకుపై మేలు చేయును. తుప్పుపై పూసినపుడు మాత్రము దానికి దుప్పటి కప్పి నిద్రపుచ్చినట్లు కనబడుచునే లోలోపల మేపును. తలుపు అడుగున కర్మాగారమువారు విడిచిన నీటి చిల్లులను వెదకి, ప్రతి వర్షకాలమునకు ముందు పుల్లతో పొడిచి తెఱచుట అన్నింటికంటె అల్పమైనదియు, అన్నింటికంటె ఫలప్రదమైనదియు.

ఇంతవఱకు చెప్పినదానిని డబ్బు లెక్కకు మార్చినచో ఇట్లుండును. బోల్టులతో బిగించిన ముందు మడ్గార్డు, బానెట్టు, తలుపు మిక్కిలి చెడినచో వానిని అతుకుల బొంతగా చేయుట కంటె పాతసామాను అంగడిలో గట్టిదానిని కొని మార్చుట చౌక. వెల్డింగుతో దేహమున కలిసిన భాగములకే మేస్త్రీ కూలి వెచ్చింపవలెను. బండి అంతటికి ఒక్కసారి రంగు వేయించుటకు కూడబెట్టు సొమ్ముతో, ఒక్కొక్క రేకును చొప్పున, లోహమును, ప్రైమరును, లోపలి మైనమును చక్కబెట్టుకొనవచ్చును. రంగు చాయలో కొంచెము భేద ముండిన ఉండనిండు. సొంత కారునకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు నడచి, అటుపైన ఐదేసి ఏండ్లకు పునరుద్ధరింపబడు నియమము గల మన దేశమున, తనిఖీ గండము గట్టెక్కించునది నిగనిగలాడు రంగు కాదు, గట్టి రేకు. గడపలు, అడుగు రేకు, సస్పెన్షను బిగింపులు ఏకకాలమున పోయిన బండిని మాత్రము ఎవ్వరును పొదుపుగా బాగుచేయజాలరు. ఆ సంగతిని మొదటి పరీక్షలోనే గ్రహించుటయు ఒక పొదుపే.

తక్కినదంతయు మేస్త్రీకి అప్పగించువారు ఒక్క షరతును ముందుగనే విధింపవలెను. “మేస్త్రీగారూ, రేకు తెల్లబడ్డాక, ప్రైమరు కొట్టకముందు నాకొక ఫోను చెయ్యండి” అను ఒక్క మాట చాలును. పని పూర్తియైన దినమున మంచి పనియు చెడ్డ పనియు ఒక్క తీరుననే మెఱయును. ఆనాడు చుట్టు తిరిగి చూచినను పరీక్షింపదగినది ఏమియు మిగిలియుండదు. లోహము బట్టబయలుగా నున్న ఆ పూట మాత్రము దాచుటకు వీలు లేదు: నల్లని గుంట మిగిలినదో లేదో, అతుకు గట్టి అంచున పడినదో లేదో, రేకు పొడిగా నున్నదో లేదో పది నిమిషములలో కన్నులతోనే తెలియును. నిజాయితీ గల మేస్త్రీ దీనికి సంతోషించును. కాదనువాని షెడ్డు నుండి బండిని ఆ పూటయే తెచ్చుకొనుట, రెండు వర్షకాలముల తరువాత మఱల అదే పనికి అంతే సొమ్ము ఇచ్చుట కంటె చౌక.